కుర్మయ్య కాపలాలో కాల్స్ మంద

కుర్మయ్య ఫోనెత్తాడంటే అవతలి మనిషి అన్నం తిన్నాడో లేదో చెప్పేవాడు. తిన్నది పప్పా, పచ్చిపులుసా అన్నది కూడా చెప్పేవాడని మేడ్చల్ దాణా గోదాములో గుమాస్తా పద్మమ్మ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. ఒకసారి ఆమె "అలో" అనకముందే, "పద్మక్కా, తుమ్మొస్తాంది నీకు. తుమ్మినంకనే మాట్లాడు" అన్నాడట. ఆమె తుమ్మిందట. ఇందులో సగం నమ్మినా చాలు. రెండు వేల ఐదు ప్రాంతంలో శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా వెతికినా ఆ చెవికి సాటి వచ్చే చెవి ఇంకొకటి దొరికేది కాదు.

ముప్పై ఏళ్లు గొర్రెలు కాచిన చెవి అది. నూట నలభై గొర్రెల మందలో ఏ పిల్ల ఏ తల్లి కోసం అరుస్తోందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాడు. తూంకుంట దగ్గర ఆ మంద మేసే బీళ్లలో ఒకనాడు తెల్లరాళ్లు పాతారు, రంగు జెండాలు కట్టారు, ప్లాట్లన్నారు. గొర్రెలకు ప్లాట్లేం తెలుసు? ఒక పొట్టేలు పోయి పోయి రెండు రోడ్ల మూల ప్లాటులో పడుకుని నాలుగు రోజులు లేవలేదు. ప్లాటు చూడటానికి వచ్చిన పెద్దమనిషి, "ఇది అయిపోయినట్టున్నది, పక్కది చూపించండి" అన్నాడట. ఇది కుర్మయ్య స్వయంగా చెప్పిన మాట కాబట్టి మార్చడానికి నాకు హక్కు లేదు. చివరికి మేత దొరక్క మందను అమ్ముకున్నాడు.

ఆ ప్లాట్లు వేసిన ప్రతాప్ పటేలుకే శామీర్‌పేటలో కోడిపిల్లల హ్యాచరీ, మేడ్చల్‌లో దాణా గోదాము ఉన్నాయి. మంద పోయిన మనిషిని చూసి జాలిపడి హ్యాచరీ గేటు దగ్గర నిలబెట్టాడు. అక్కడ పదకొండు నెలలున్నాడు కుర్మయ్య. ఆ పదకొండు నెలల్లో అతని నోట వచ్చిన మాటలు రెండు: "నమస్తే పటేలా" ఒకటి, "లోపల లేరు" రెండోది. మందతో పొద్దంతా కబుర్లాడిన నోరు మూతపడిపోయింది. ఇంటికి పోయినా అంతే. భార్య సుక్కమ్మ నెలరోజులు చూసి, "ఏమయ్యా, కూరల ఉప్పేసుడు మరిశిన. తిట్టనన్న తిట్టరాదు?" అని బతిమాలింది. ఉప్పు లేని కూర తిని, చెయ్యి కడుక్కుని పడుకున్నాడు.

అలాంటి రోజుల్లో భవిత వచ్చింది. సూరారంలో ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు, ఇంజనీరు. హ్యాచరీని, దాణా గోదామును, తూంకుంట సైటు ఆఫీసును కలుపుతూ ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు పెట్టడం ఆమె పని. గేటు దగ్గర ఫోను పనిచేస్తోందో లేదో చూద్దామని లోపలి నుంచి రింగిచ్చింది. కుర్మయ్య ఎత్తాడు. రెండు క్షణాలు విన్నాడు.

"బిడ్డా, నువ్వు మూడో గదిల ఉన్నవ్. ఆడి పిల్లలు మొన్నటియి. కుడిదిక్కు మూల పెట్టెల ఒకదానికి సలి పెడ్తాంది, జూడు."

భవిత పెట్టె తెరిచి చూసింది. నిజంగానే ఒక పిల్ల వణుకుతోంది. అటు నుంచి అటే పటేలు గదికి పోయి, "సార్, ఫోన్ల దగ్గర కూసోవెట్టనీకె నాకు గేటుకాడి కాకనే కావాలె" అంది.

అలా కుర్మయ్యకు కుర్చీ వచ్చింది. మామూలు కుర్చీ కాదు, కింద చక్రాలు, చుట్టూ తిరిగేది. మొదటి రోజు మూడు చుట్లు తిరిగి కళ్లు తిరిగి పడబోయాడు. టిఫిను తెచ్చిన సుక్కమ్మ కుర్చీ చుట్టూ తిరిగి చూసి, "గిది ఉర్కుతది గద, బేడీలెయ్యకపోయిండ్రా" అంది. ఆ సాయంత్రం ఇంటికి పోయి కుర్మయ్య పదకొండు నెలల మాటలు ఒక్కసారే మాట్లాడాడు. పక్కింటివాళ్లు ఎవరో చుట్టాలు వచ్చారనుకున్నారు.

పని నేర్పేటప్పుడు భవిత మొదట చెప్పింది ఇది.

"కాకా, గీ ఫోన్లల్ల మాట కంటె ముందు చీటీ పోతది. నేను ఫలానాయనకు ఫోన్ చేస్తున్న అని ఒక చీటీ. ఎత్తిండు అని ఒక చీటీ. పెట్టేసిండు అంటే మల్లొక చీటీ. ఒక్కటే సారి ఇరవై కాల్స్ నడుస్తయి. ఏ చీటీ ఏ కాల్‌దో ఎట్ల తెల్వాలె?"

"ఎట్ల?"

"చీటీ మీద మూడు గుర్తులుంటయి. ఒకటి కాల్ పుట్టంగనే పడ్తది, సచ్చేదాక మారది. రెండోది ఫోన్ చేసినోళ్లు పెట్టే గుర్తు. మూడోది అవతలోళ్లు పెట్టేది. అవతలి ఫోను బదులిచ్చేదాక గది ఖాళీగనే ఉంటది. మూడు కలిస్తేనే గిది గా ఇద్దరి ముచ్చటే అని గట్టి."

కుర్మయ్య పకపకా నవ్వాడు. "గింతేనా బిడ్డా! నేను గింత పెద్ద మిషన్ల ఏముందో అనుకున్న. గిది గొర్రె గుర్తు గద. నుదుటి మచ్చ పుట్టినప్పటిది. కాపుకిచ్చినాయన ఎడమ చెవు కొంచెం కోస్తడు. తీసుకున్నాయన కుడి చెవుకు ఆయన కోత పెడ్తడు. నాలుగు మందలు కలిసినా పొద్దుగూకంగ చెవులు జూసి ఎవరియి వాళ్లకు ఇడగొడ్తం."

"ఔ కాకా, గంతే!" భవిత కళ్లు మెరిశాయి. ఇంజనీరింగ్ కాలేజీలో రెండు నెలలు చెప్పినా ఆమెకు ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

"నడుమ దారిల?"

"చీటీ ఎన్ని చోట్ల ఆగితే అన్ని ముద్రలు పడ్తయి. జవాబు అదే బాటన ఎనక్కొస్తది, ఒక్కో ముద్ర తీసేసుకుంట."

"వలస పోయిన మంద పోయిన బాటనే మళ్లినట్టు."

ఇక కుర్మయ్యను ఆపేవాళ్లు లేకపోయారు. తెర మీద ఒక్కో కాల్‌కు ఒక్కో వరుస. వరుసలో మూడు గుర్తులు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. కుర్మయ్యకు ఇంగ్లీషు రాదు. రాకపోతేనేం, కోతలు గుర్తుపట్టడం వచ్చు. ఒక అక్షరం కొడవలి, ఒకటి నిచ్చెన, ఇంకొకటి కొమ్ము విరిగిన మేక. "కొడవలి-నిచ్చెన కాల్ పటేలు గదికి," "కొమ్ము విరిగినది గోదాముకు," అంటూ రెండేళ్లు మందను తోలాడు. ఒక్క కాల్ తప్పిపోలేదు.

మూడో ఏడు వానాకాలంలో, ఒక సోమవారం, ప్రతాప్ పటేలు కళ్లజోడు పెట్టుకుని ఫోన్ల రిపోర్టు కాగితం చేతిలోకి తీసుకోవడంతో కథ అడ్డం తిరిగింది.

పటేలుకు తొమ్మిది అచ్చివచ్చిన అంకె. కారు నంబరు తొమ్మిది, గేటు నంబరు తొమ్మిది. పొద్దున ఇడ్లీలు కూడా తొమ్మిదే తినేవాడు, ఆరు తినేసరికే కడుపు నిండినా. అలాంటి మనిషికి ఆ కాగితం నిండా గజిబిజి అక్షరాలు కనపడ్డాయి. కుర్మయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. పటేలు అక్క కొడుకు సాయికిరణ్ కూడా ఉన్నాడు. మేడ్చల్‌లో మూడు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి వచ్చిన మనిషి, మామ మాట కోసం కాచుకుని కూర్చునే మనిషి.

"అల్లుడా, ఏందిరా గిది? చీమలు సిరాల మునిగి కాయితం మీద నడిచినట్టున్నది. దీంట్ల తొమ్మిది యాడున్నది?"

"మామా, గది కంప్యూటర్ పెట్టుకునే నంబర్."

"నా ఫోన్లకు నన్నడగకుంట కంప్యూటర్ ఎట్ల పెట్టుకుంటది? గా మూడు గుర్తులకు తొమ్మిదులే పెట్టు. అన్నిటికి."

"భవిత మేడం శనివారమొస్తది మామా, అడిగి..."

"గామెను అడిగేది ఏంది, కోర్సు జేసినవా, లేదా?"

అల్లుడికి పౌరుషం వచ్చింది. గంటసేపు ఏదో కొట్టి లేచాడు. తెర మీద ప్రతి వరుసలో, ప్రతి గుర్తులో, నాలుగు తొమ్మిదులు. కుర్మయ్య చూసి ముచ్చటపడ్డాడు కూడా. ముత్యాలు గుచ్చినట్టు ఉన్నాయి. అది పైపై సోకు అనుకున్నాడు, పండగకు గొర్రెలకు పసుపు పూసినట్టు.

మధ్యాహ్నానికి మొదలైంది.

తూంకుంట సైటు ఆఫీసులో సోమయ్య అనే రిటైరైన పంతులు ప్లాటు గురించి పటేలుతో మాట్లాడతానన్నాడు. అదే సమయంలో మేడ్చల్ గోదాములో పద్మమ్మ హ్యాచరీ సూపర్‌వైజరుతో దాణా లెక్క చెబుతోంది. కుర్మయ్య సోమయ్య కాల్‌ను పటేలు గదికి తిప్పాడు. తిరిగింది ఏదో తెలియదు గాని, సోమయ్య పోయి పద్మమ్మ చెవిలో పడ్డాడు.

"తూర్పు ముఖమేనా అమ్మా?"

"ఏ ముఖమైతేంది సార్, లోపటి మాల్ జూసుకోవాలె. తవుడు తక్కువ, మక్కలెక్కువ."

"నీళ్లున్నాయా?"

"అయ్యో, నీళ్ల జోలికే పోవద్దు. తడి తగిలితే పురుగు పడ్తది."

"మరి హద్దులు?"

"యాభై కిలోల సంచిల నింపి, దారంతోని కుట్టి ఇస్తం సార్. ఆటోల ఏసుకొని పోవుడే."

సోమయ్య ఫోను పెట్టేసి బస్సెక్కాడు. సాయంత్రానికల్లా కరీంనగర్ రోడ్డు మీద ఆటోవాళ్లందరికీ తెలిసిపోయింది, తూంకుంటలో భూమిని సంచుల్లో కుట్టి ఇస్తున్నారని. ఇద్దరు ఖాళీ సంచులు పట్టుకుని వచ్చారట కూడా.

మంగళవారం ఇంకా బాగుంది. హ్యాచరీ సూపర్‌వైజరు టీకాల మనిషికి చెబుతున్న మాటలు సైటు ఆఫీసుకు చేరాయి. "పొద్దుగాల ఏడింటికల్ల ఒక్కటి తక్కువ కాకుంట అన్నిట్ని పట్టి, కంట్ల సుక్కెయ్యుండ్రి. బక్కయి పక్కకు తీయుండ్రి, గవి బతకయి." మర్నాడు సైటు ఆఫీసులో అందరికంటే బక్కపలచని సేల్స్‌మన్ పనిలోకి రాలేదు. శామీర్‌పేట జింకల పార్కులో ఒక చెట్టు వెనక కూర్చుని ఉండగా చూశామని కొందరన్నారు.

ఎవరు ఫోను పెట్టేసినా ఇంకెవరి కాల్ తెగుతుందో తెలియదు. బుధవారం తెగింది పటేలు కాల్. తూంకుంట వెంచర్ పక్కనే గాలయ్య అనే ముసలాయన భూమి ఉంది. ఆయన్ను ఒప్పించడానికి పటేలు ఏడాదిగా తిరుగుతున్నాడు. ఆ రోజు ఆయన సైటు ఆఫీసు నుంచి ఫోనులోకి వచ్చి, గొంతు సవరించుకుని, "సరే పటేలా, ఇగ నేను జెప్పేది ఏందంటే" అన్నాడు. అప్పుడే మేడ్చల్‌లో పద్మమ్మ తన ఫోను పెట్టేసింది. గాలయ్య మాట గాలిలో కలిసింది. "నేను మాట్లాడ్తాంటె మొఖం మీద పెట్టేస్తడా" అని ముసలాయన కర్ర పట్టుకుని లేచిపోయాడు.

పటేలు కారేసుకుని పోయి ఆయన్ను బతిమాలి వచ్చి, ఫోన్ల గదిలోకి ఉరికాడు. "కుర్మయ్యా! ఏం జేస్తున్నవ్? నిద్ర పోతున్నవా?"

"నేను ముట్టలే పటేలా."

"గీ కుర్చీల కూసున్నది నువ్వు. కాల్స్ తిప్పేది నువ్వు. మరి నేను ముట్టిన్నా? కాళ్లు మొక్కి ఒప్పిచ్చిన, గాలయ్య శుక్రవారం పదకొండింటికి మల్ల వస్తడు. గాలోపు గిది సక్కగ కాకపోతే నీ కుర్చీ నీకు లేదు. మల్ల గేటుకే."

కుర్మయ్యకు గేటు కళ్లముందు నిలిచింది. రెండు మాటల గేటు. ఇంటికి పోయి చెబితే సుక్కమ్మ చేతిలో గరిటె కింద పెట్టింది. "మూగ మొగనితోని ఇంకోసారి నా వల్ల కాదు. రేపు గా మిషన్ మొఖం జూసుకుంట కూసో. ఏడ తప్పుతాందో పట్టు. గొర్రె తప్పిపోతే ఇట్లనే పండుకుంటివా?"

గురువారం కుర్మయ్య ఏడింటికే పోయాడు. ఆ వేళ ఒక్క కాల్ మాత్రమే వచ్చింది. దాన్ని తిప్పాడు, ఆపాడు, మళ్లీ తిప్పాడు. బుద్ధిగా పోయింది. ఎనిమిదింటికి రెండు కాల్స్ కలిశాయి. రింగు పోవలసినచోటికే పోయింది. ఎత్తవలసినవాళ్లే ఎత్తారు. ఆ తర్వాత ఒకరిని ఆపితే ఇంకొకరు ఆగారు. మళ్లీ చూశాడు. మళ్లీ అంతే. ఎత్తేదాకా తప్పు లేదు, ఎత్తాకే తప్పు. ఒంటరి గొర్రె తప్పిపోదు, రెండు కలిస్తేనే మారిపోతున్నాయి.

తల ఎత్తి తెర చూశాడు. పై వరుసలో తొమ్మిదులు. కింది వరుసలో తొమ్మిదులు. నుదుట తొమ్మిది, ఎడమ చెవికి తొమ్మిది, కుడి చెవికి తొమ్మిది.

"ఓరి నీ తల్లి!" అని కుర్చీతో సహా గోడదాకా జారాడు.

ఆఫీసు ఫోనును నమ్మే స్థితి లేదు. రోడ్డు దాటి, కిరాణా కొట్టు ముందు వేలాడే రూపాయి డబ్బాలో బిళ్ల వేసి భవిత సెల్లుకు కొట్టాడు.

"బిడ్డా! అన్ని గొర్రెలకు ఒక్కటే చెవు కోసిండ్రు!"

"కాకా? గొర్రెలు మల్ల కొన్నవా?"

"గొర్రెలు కాదు, కాల్స్! మూడు గుర్తులకు మూడు, అన్నీ తొమ్మిదులే. పటేలు చెప్పిండు, అల్లుడు జేసిండు."

 అవతల నుదురు కొట్టుకున్న చప్పుడు వినపడింది. "అందుకే! రింగు ఎందుకు తప్పలేదంటే దారి ముద్రలు మార్చలేదు గాబట్టి. ఎత్తినంక కాల్‌ని పట్టేది గా మూడు గుర్తులే. అన్నీ ఒక్కటైతే, పెట్టేసిండన్న చీటీ ముందుగాల ఎవరు దొరికితె వాళ్ల మీద పడ్తది! కాకా, నేను రేపు పొద్దుగాల..." రూపాయి అయిపోయింది.

శుక్రవారం తొమ్మిదిన్నరకు భవిత ఆటో దిగింది. ఇద్దరూ పటేలు గదికి పోయారు. సంగతి విని పటేలు బల్ల గుద్దాడు.

"ఇయ్యాల్నా? గాలయ్యొచ్చే దినం నా తొమ్మిది తీస్తనంటరా? మీకు దిమాగున్నదా? తప్పు జేసింది కుర్మయ్య చెయ్యి. నా అంకె మీద పెడ్తున్నరు."

"సరే పటేలా," అన్నాడు కుర్మయ్య. "నా చెయ్యే అయితే గిట్ల జేద్దాం. మీరు సైటు ఆఫీసుల అల్లునితో మాట్లాడుతుండుండ్రి. భవిత గేటు ఫోన్ల నుంచి పద్మక్కతో మాట్లాడ్తది. నేను కుర్చీల కూసోను. ఈడ్నే నిలవడ్త."

రెండు చేతులూ పైకెత్తి, పోలీసులకు దొరికినవాడిలా పటేలు ఎదురుగా నిలబడ్డాడు. పటేలు సాయికిరణ్‌తో మొదలుపెట్టాడు: "ఆఁ అల్లుడా, గాలయ్యకు చాయ్ తెప్పియ్యి, బిస్కట్లు..." ఠపీమని తెగింది. మేడ్చల్‌లో పద్మమ్మ పెట్టేసింది మరి. పటేలు కుర్మయ్య చేతులు చూశాడు. పైనే ఉన్నాయి.

మళ్లీ చేశారు. ఈసారి పద్మమ్మ "ఒక్క నిమిషం బిడ్డా, లారీ వచ్చింది" అని ఫోను ఆపి పెట్టింది. ఫోను ఆపి పెట్టినప్పుడు వినిపించే పిల్లనగ్రోవి పటేలు చెవిలో మోగింది. కుర్మయ్య చేతులు పైనే ఉన్నాయి, నొప్పి పుడుతున్నాయి కూడా.

మూడోసారి ఏకంగా పద్మమ్మే పటేలు చెవిలోకి వచ్చింది. "...గా పటేలుకేందమ్మా, తొమ్మిది ఇడ్లీలు తిని పండుకుంటడు, పరేషాన్ మాకు."

 పటేలు ఫోను మెల్లగా, చాలా మర్యాదగా కింద పెట్టాడు.

"చేతులు దించు," అన్నాడు.

"దించుత గని పటేలా, ఒక్క మాట. మీ మంద, నా మంద, గాలయ్య మంద, అన్నిటికి ఒక్కటే కోత పెడితే, పొద్దుగూకినంక మీ పొట్టేలు ఎవరింట్ల కట్టేసుంటదో మీరే జెప్పుండ్రి."

పటేలుకు పొట్టేళ్ల సంగతి తెలుసు. ఆయన తాతలకూ మందలుండేవి. అయినా అంకె వదలబుద్ధి కాలేదు. "మరి నా తొమ్మిది?"

కుర్మయ్య, గేటు నుంచి తిరిగొచ్చిన భవిత వైపు తిరిగాడు. "బిడ్డా, అందరి గొర్రెలకు ముందల ఒక్కటే రంగు సుక్క పెట్టి, ఎనక ఎవరి కోత వాళ్లకు పెడ్తం మేము, ఊరంత కలిసి మేపినప్పుడు. దీంట్ల గట్ల కుదరదా?"

"ముందట ఏమున్నా నాకు ఫరక్ లేదు కాకా. ఎనకది ఏ రెండు కాల్స్‌కి ఒక్కటి గావద్దు, గంతే." వాళ్లు ఫోన్ల గదిలోకి వచ్చేసరికే భవిత కీబోర్డు ముందుకు లాక్కుంది. పది నిమిషాల్లో తెర మీద ప్రతి గుర్తూ తొమ్మిదితో మొదలై, వెనక కొడవళ్లూ నిచ్చెనలూ కొమ్ములూ తోకల్లా వేలాడదీసుకుంది.

పటేలు వేలితో ఒక్కొక్కటీ తడిమి చూశాడు.  కుర్మయ్య కుర్చీ పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు. కూర్చొమ్మని ఎవరూ చెప్పలేదు.

పదకొండయింది. మూడు ఫోన్లు ఒక్కసారే మోగాయి. తూంకుంట నుంచి గాలయ్య, మేడ్చల్ నుంచి పద్మమ్మ, లోపలి నుంచి సూపర్‌వైజరు. పటేలు ఫోన్లకేసి చూశాడు, కుర్చీకేసి చూశాడు, కుర్మయ్యకేసి చూశాడు.

"ఏం జూస్తున్నవ్? ఎత్తు! జల్దీ!"

కుర్మయ్య దూకి కూర్చున్న ఊపుకు కుర్చీ బారెడు దూరం పోయింది. కాళ్లతో తన్ని వెనక్కి వచ్చాడు. "ఆఁ గాలయ్య మామా, దండం, చాయ్ తాగినవా, ఇగో పటేలును గలుపుతున్న. పద్మక్కా, పటేలు మొత్తం విన్నడు, ఇయ్యాల మేడ్చల్‌ల్నే ఉండు. సూపర్‌వైజర్ సాబ్, ఇగో టీకాలాయన!" మూడు కాల్స్ మూడు దిక్కులకు పోయాయి. పద్మమ్మ హడలిపోయి ఠక్కున పెట్టేసింది. ఆమె కాల్ ఒక్కటే తెగింది. గాలయ్య మాట తెగలేదు. ఆయన నలభై నిమిషాలు మాట్లాడాడు. అందులో ముప్పై ఎనిమిది నిమిషాలు తన మోకాలి నొప్పి గురించే. పటేలు అంతా విన్నాడు.

కుర్మయ్య ఆ మధ్యాహ్నం టిఫిను మూత కూడా తీయలేదు. ఎవరు ఏం చెప్పినా దానికి నాలుగు మాటలు కలిపి అవతలికి పంపుతూనే ఉన్నాడు. నాలుగింటికి గేటు ఫోను మోగింది.

"అలో, ఎవరూ?"

"నేనే," అంది సుక్కమ్మ. నడిచి వచ్చిందేమో, రొప్పుతోంది. "లోపలికి రానీకె భయమై ఈడికెల్లి చేస్తున్న. కూసున్నవా, లేపిండ్రా?"

"కూసున్న," అన్నాడు కుర్మయ్య, ఎవరి గొంతో పట్టించుకోకుండా ఇంకో కాల్ తిప్పుతూనే. "జెప్పుండ్రి అమ్మా, ఎవరికి గలపాలె?"